మన చేతిలో ఏముంది?

నిరుడు వేసవిలో నా పాత విద్యార్థి ఒకడు నన్ను చూడటానికి వచ్చాడు. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎనిమిదేళ్ళుగా లెక్కలు చెబుతున్నాడు. అప్పటికి నాలుగు నెలలుగా జీతం లేదు. అయితే అతను వచ్చింది ఆ గోడు చెప్పుకోవటానికి కాదు. అంతకు వారం ముందు యాజమాన్యం అధ్యాపకులందరినీ కూర్చోబెట్టి వ్యక్తిత్వ వికాసం మీద ఒక తరగతి పెట్టించిందట. వచ్చిన వక్త బోర్డు మీద పెద్ద గుండ్రం గీసి, మీ చేతిలో వున్నవి లోపల రాయండి, లేనివి బయట రాయండి అన్నాడట. కష్టపడటం, చిరునవ్వు, దృక్పథం, సమయపాలన గుండ్రం లోపలికి వెళ్ళాయి. జీతం ఎప్పుడొస్తుందన్నది బయటికి వెళ్ళింది. బయట వున్నదాన్ని గురించి ఆలోచించేవాడు దుఃఖాన్ని కొనితెచ్చుకుంటాడనీ, ఇది తన సొంత మాట కాదనీ, రెండువేల ఏళ్ళ కిందట ఎపిక్టెటస్ అనే బానిస కనుక్కున్న సత్యమనీ చెప్పి ఆ వక్త సెలవు తీసుకున్నాడు. ఆ సాయంత్రమే నోటీసు బోర్డు మీదికి ఒక కాగితం ఎక్కింది. ఏ సెక్షన్లో ఉత్తీర్ణత నూటికి తొంభైకి తగ్గుతుందో ఆ సెక్షన్ అధ్యాపకుల జీతంలో కోత పడుతుంది.

“పిల్లవాడు టైఫాయిడ్ తో పరీక్ష తప్పినా అది నా గుండ్రం లోపలిదే. నా జీతం మాత్రం గుండ్రం బయటిది. మాస్టారూ, ఆ ఎపిక్టెటస్ నిజంగా ఇలాగే చెప్పాడా?” అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. “బానిసల తత్వం, యజమానులకు పనికొచ్చే తత్వం” అని ఒక్క మాటతో తేల్చెయ్యవచ్చు. మన మిత్రులు చాలామంది అలాగే తేలుస్తారు. కాని అలా తేల్చేవాళ్ళు ఆ పుస్తకం చదవలేదని నా అనుమానం.

ఎపిక్టెటస్ క్రీ.శ. 50 ప్రాంతంలో ఫ్రిజియాలోని హీరాపొలిస్ పట్టణంలో పుట్టాడు. అది ఈనాటి టర్కీలో వుంది. అతని పేరుకు గ్రీకులో ‘సంపాదించబడినవాడు’ అని అర్థం. అది మనిషికి పెట్టిన పేరు కాదు, సరుకుకు కట్టిన చీటీ. రోములో అతని యజమాని ఎపఫ్రొడిటస్. ఆ యజమాని కూడా ఒకప్పుడు బానిసే. విడుదల పొంది నీరో చక్రవర్తికి కార్యదర్శి అయ్యాడు. ఎపిక్టెటస్ బానిసగా వుంటూనే మ్యుసోనియస్ రూఫస్ దగ్గర స్టోయిక్ దర్శనం చదివాడు, తర్వాత స్వేచ్ఛ పొందాడు. డొమీషియన్ చక్రవర్తి తత్వవేత్తలను వెళ్ళగొట్టినప్పుడు గ్రీసు పడమటి తీరాన నికొపొలిస్ చేరి అక్కడ బడి పెట్టుకున్నాడు. అతనికి కాలు కుంటి. యజమాని కాలు మెలితిప్పుతుంటే విరుగుతుంది సుమా అని నిబ్బరంగా హెచ్చరించాడనీ, విరిగిన తర్వాత చెప్పాను గదా అని వూరుకున్నాడనీ ఒక కథ వుంది. కీళ్ళవాతం వల్ల కుంటివాడయ్యాడని మరొక కథనం వుంది. లోకానికి మొదటిదే నచ్చింది. ఎందుకు నచ్చిందో ఆలోచించాలి. ఆ కథలో కాలు విరగ్గొట్టినవాడికి శిక్ష లేదు, చీవాటు కూడా లేదు. మార్కులన్నీ విరగ్గొట్టించుకున్నవాడి ఓర్పుకే.

అతను స్వయంగా ఏమీ రాయలేదు. శిష్యుడు ఆరియన్ గురువుగారి ప్రసంగాలు రాసుకుంటే అందులో నాలుగు సంపుటాలు మనకు దక్కాయి. వాటి సారం పిండి తీసిన చిన్న పుస్తకం ‘ఎంఖిరీడియన్’. చేతిలో ఇమిడేది అని ఆ మాటకు అర్థం. గ్రీకులో చురకత్తిని కూడా అదే మాటతో పిలుస్తారు.

పుస్తకం మొదట్లోనే ఆ ప్రసిద్ధమైన విభజన వుంది. మన అభిప్రాయాలు, ప్రయత్నాలు, కోరికలు, విముఖతలు మన అధీనంలో వున్నాయి. శరీరం, ఆస్తి, పరువు, పదవి మన అధీనంలో లేవు. రెండోరకం వాటిని మొదటిరకం వాటిగా పొరబడినవాడు ఏడుస్తాడు, దేవుళ్ళనూ మనుషులనూ తిట్టుకుంటాడు. పొరబడనివాణ్ణి ఎవడూ బలవంతపెట్టలేడు. ఇంత మాత్రమే. మిగిలిన పుస్తకమంతా దీని అభ్యాసం. కుండ పగిలితే కుండే గదా అనుకోవాలి. బిడ్డను ముద్దు పెట్టుకునేటప్పుడు చావు గలదాన్ని ముద్దు పెట్టుకుంటున్నాననుకోవాలి. నాటకంలో వేషం ఎంచేది కర్త, కుంటివాడి వేషమిచ్చినా రాజు వేషమిచ్చినా బాగా ఆడటమే నటుడి పని. ఇది చదవగానే మనవాళ్ళకు స్థితప్రజ్ఞుడూ, ఫలాపేక్ష లేని కర్మా గుర్తుకు వస్తాయి. పోలిక వుంది. కాని పోలిక కనిపెట్టగానే పని పూర్తయిందనుకునే వ్యాసాలు మనకు చాలానే వున్నాయి కాబట్టి ఆ దారిన పోను.

ఈ విభజనలో బలమెక్కడ వుందో ముందు ఒప్పుకోవాలి. రోమన్ల దృష్టిలో బానిస మాట్లాడే పనిముట్టు. వాడి ఒళ్ళు వాడిది కాదు. కొట్టవచ్చు, అమ్మవచ్చు, చంపవచ్చు. అలాంటి చోట ఒకడు లేచి, నా కాలికి నువ్వు గొలుసు వెయ్యగలవు, నా సమ్మతికి వెయ్యలేవు అన్నాడంటే అది చిన్న మాట కాదు. యజమాని ఆస్తి జాబితాలోనుంచి ఒక వస్తువును దొంగిలించి, ఇది నీది కాదు అని చెప్పటం అది. ప్రసంగాలలో ఒకచోట బానిస మీద కోపించే యజమానిని ఎపిక్టెటస్ గట్టిగా నిలదీస్తాడు. వాడూ నీవలె జియస్ సంతానమే, నీ సోదరుడే అంటాడు. కొనుగోలు పత్రం వుందిగా అని యజమాని అంటే, నువ్వు చూసేది చచ్చినవాళ్ళ చట్టాలను అని ఈసడిస్తాడు. ఆ కాలంలో ఇంతకన్న ముందుకు పోయిన గొంతులు బహు తక్కువ.

నాలుగో సంపుటంలో స్వేచ్ఛను గురించిన దీర్ఘప్రసంగం వుంది. అధ్యాపకులు తప్పక చదవవలసిన భాగమది. విడుదల కోసం మొక్కుకునే బానిసను అతనక్కడ వర్ణిస్తాడు. విడుదల అవుతుంది. మర్నాటి నుంచి తిండి ఎక్కడ దొరుకుతుందో తెలియదు. ఎవరి పంక్తిలో చోటు దొరుకుతుందా అని తిరుగుతాడు, ఒకణ్ణి పొగుడుతాడు, అవమానాలు మింగుతాడు. యజమాని ఇంట్లో గుడ్డకూ కూటికీ లోటు లేకపోయెనే, జబ్బు చేస్తే చూసేవాడే అని పాత రోజులు తలుచుకొని ఏడుస్తాడు. తర్వాత కాస్త పైకొస్తే ఇంకొక పదవి కోసం ఇంకొకరి గుమ్మం దగ్గర కాపలా. చివరకు సెనేట్ సభ్యుడైనా అది మరింత నాజూకైన బానిసత్వమే.

కాగితం మీది విడుదలకూ కడుపు నిండే విడుదలకూ వున్న తేడాను ఇంత స్పష్టంగా చూసిన ప్రాచీనుడు మరొకడు నాకు తెలియదు. చట్టం ఇచ్చిన స్వేచ్ఛను తిండి లేకపోవటం ఎలా కాజేస్తుందో ఇతనికి అనుభవపూర్వకంగా తెలుసు. ఇంకొక్క అడుగు వేస్తే, విడుదలైనవాడికి భూమి ఎందుకు లేదు, పని ఎందుకు లేదు అన్న ప్రశ్న వస్తుంది. ఆ అడుగు అతను వెయ్యలేదు. చూపును వెనక్కి తిప్పి, అయితే అసలు స్వేచ్ఛ లోపలే వుంది అన్నాడు. రోగనిర్ణయం నూటికి నూరుపాళ్ళూ సరిగా చేసి, మందు మాత్రం రోగికి రోగం తెలియకుండా వుండటానికి ఇచ్చాడు.

అలా ఎందుకు జరిగిందో అర్థం చేసుకోవటానికి ఆ బడిలో కూర్చున్నవాళ్ళను చూడాలి. నికొపొలిస్ కు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కలిగినవాళ్ళ పిల్లలు, రేపు పాలకులు కాబోయేవాళ్ళు. రాసుకున్న ఆరియనే తర్వాత కాన్సల్ అయ్యాడు, హేడ్రియన్ పాలనలో కప్పడోషియా రాష్ట్రానికి గవర్నరయ్యాడు. వీళ్ళకు ‘ఆస్తి నీది కాదు, పదవి నీది కాదు’ అని చెప్పటం మంచి చురకే. పోగొట్టుకోవటానికి ఏదన్నా వున్నవాడికి ఆ మాట వైరాగ్యం నేర్పుతుంది. ఏమీ లేనివాడికి అదే మాట చెబితే అర్థం మారిపోతుంది. మాట ఒక్కటే కావచ్చు, వినేవాడి జేబులు ఒక్కటి కావు.

ఇక్కడొక పిట్టకథ. ఎపిక్టెటస్ ఇంట్లో ఇనప దీపాన్ని దొంగ ఎత్తుకుపోయాడు. సరే, రేపు మట్టిదీపం కొనుక్కుంటానన్నాడట. అతను పోయాక ఆ మట్టిదీపాన్ని ఒకడు మూడువేల ద్రాఖ్మాలు పెట్టి కొన్నాడని లూషియన్ వెక్కిరించాడు. ఆ దీపం వెలుగులో చదివితే జ్ఞానం వస్తుందని కొన్నవాడి ఆశ. ఇవాళ విమానాశ్రయాల పుస్తకాల కొట్లలో, సెల్ ఫోన్లలో నెలకింత చందా చొప్పున అమ్ముతున్నది ఆ దీపమే.

ఎపిక్టెటస్ కు ఒక తరం ముందు రోములో స్టోయిక్ దర్శనానికి పెద్ద గొంతు సెనెకా. నీరోకు గురువు, తర్వాత సలహాదారు. నాలుగేళ్ళ రాజస్నేహంలో 30 కోట్ల సెస్టర్షులు కూడబెట్టాడని అతని మీద ప్రత్యర్థి సుయిలియస్ చేసిన ఆరోపణను చరిత్రకారుడు టాసిటస్ నమోదు చేశాడు. ఐశ్వర్యం మంచీ కాదు చెడ్డా కాదు, ఉదాసీన వస్తువు అని స్టోయిక్కులు చెబుతారు గనక సెనెకా దాన్ని ఉదాసీనంగానే కూడబెట్టి వుంటాడు! (సెనెకాను క్రైస్తవానికి పినతండ్రి లాంటివాడని 1882లో ఎంగెల్స్ చమత్కరించాడు. బ్రూనో బౌవర్ పరిశోధనను గురించి రాస్తూ అన్నమాట అది.)

క్రీ.శ. 61లో రోము నగరాధికారి పెడానియస్ సెకుండస్ ను అతని బానిస ఒకడు చంపాడు. యజమానిని ఇంట్లో బానిస చంపితే ఆ కప్పు కింద వున్న బానిసలందరినీ చంపాలని ఆచారం. ఆ ఇంట్లో 400 మంది వున్నారు, ఆడవాళ్ళూ పిల్లలతో సహా. నేరం చేసింది ఒకడని అందరికీ తెలుసు. రోములోని మామూలు జనం అడ్డుపడ్డారు. రాళ్ళతో, కాగడాలతో గుంపులుకట్టారు. సెనేట్ లో గయస్ కాషియస్ లేచి, భయం లేకపోతే ఈ మందను అదుపులో పెట్టలేం, నిరపరాధులు కొందరు చస్తే చావనీ అన్న ధోరణిలో వాదించాడు. అతని మాటే నెగ్గింది. నీరో దారి పొడుగునా సైనికులను నిలబెట్టి 400 మందినీ చంపించాడు. సెనెకా అప్పటికింకా సలహాదారుగానే వున్నాడు. అతను నోరు విప్పినట్టు టాసిటస్ ఒక్క మాట రాయలేదు. కొంతకాలానికి కొలువు నుంచి తప్పుకున్నాక సెనెకా రాసిన లేఖల్లో 47వది బానిసలను మనుషులుగా చూడమనే సుప్రసిద్ధ లేఖ. చాలా మంచి లేఖ. అందులో ఆ 400 మంది ఊసు లేదు.

మన లెక్కల అధ్యాపకుడి ప్రశ్నకు జవాబు నాకు ఈ సంఘటనలో కనబడింది. ఇంకొక గదిలో ఇంకొకడు కత్తి ఎత్తటం వంటింట్లో పడుకున్న ఆడమనిషి చేతిలో వున్నదా? ఎపిక్టెటస్ గీసే గీత ప్రకారం లేదు. ఏ గీత ప్రకారమూ లేదు. అయినా ఆమె చచ్చింది. అంటే ‘నా చేతిలో వున్నది, లేనిది’ అన్న విచక్షణను రోమన్ సమాజం యజమాని మనశ్శాంతి కోసం దాచుకున్నది, బానిస ప్రాణానికి వర్తించనివ్వలేదు. బాధ్యత మోయించేటప్పుడు బానిస చేతిలో అన్నీ వుంటాయి. హక్కు అడిగేటప్పుడు ఏమీ వుండవు. ఆ కాలేజీ నోటీసు బోర్డు మీది కాగితం ఈ వంశానికి చెందిందే. గుండ్రం గీయటం తప్పు కాదు. సుద్దముక్క ఎవరి చేతిలో వుందో చూడాలి.

ఇక సిద్ధాంతంలోకి వద్దాం. ఎపిక్టెటస్ వాడిన గ్రీకు పదబంధంలో సర్వనామం బహువచనం. ‘నా మీద ఆధారపడినవి’ అనడు, ‘మన మీద ఆధారపడినవి’ అంటాడు. తెలుగులోకి తేబోయేవాడు ఇక్కడ ఒక్క క్షణం ఆగక తప్పదు. మనకు రెండు మాటలున్నాయి: మేము, మనము. వినేవాణ్ణి బయట నిలబెట్టేది ఒకటి, లోపలికి పిలిచేది ఒకటి. గ్రీకులో రెంటికీ ఒకటే మాట. ఎపిక్టెటస్ సర్వనామం ఎవరినీ బయట నిలబెట్టదు, అది అతని గొప్ప. బానిసకూ చక్రవర్తికీ సంకల్పం వుంది, ఇద్దరూ అందులోనివాళ్ళే. కాని అందరినీ ఒక్కొక్కరినిగా లోపలికి పిలిచి, ఒక్కొక్కరినిగానే కూర్చోబెడుతుంది. అందరినీ లెక్కపెడుతుంది గాని కూడదు. వెయ్యిమంది వుంటే వెయ్యి ‘నేను’లు వుంటాయి, ఒక్క ‘మనం’ వుండదు.

దీనివల్ల వచ్చే నష్టమేమిటి? కూలిరేటు ఒక కూలివాడి చేతిలో లేదు. నిజమే. ఆ వూరి కూలివాళ్ళందరి చేతిలోనూ లేదా? నాట్లరోజుల్లో ఊరంతా పని ఆపితే ఏమవుతుందో ఏ రైతునైనా అడగండి. ఒంటరివాడికి గుండ్రం బయట వున్న వస్తువే పదిమందికి గుండ్రం అంచు మీదికి వస్తుంది, వందమందికి కొంత లోపలికి వస్తుంది. గీత ప్రకృతి గీసింది కాదు. మనుషుల పొందికను బట్టి జరిగే గీత.

దీనికి స్టోయిక్కులు ఇచ్చే జవాబు తేలికది కాదు. సిసిరో వాళ్ళ తరఫున చెప్పిన విలుకాని ఉపమానం వుంది. విలుకాడు గురి చూడటానికి చెయ్యగలిగిందంతా చేస్తాడు. బాణం తగలటం మాత్రం గాలి మీద, లక్ష్యం కదలటం మీద కూడా ఆధారపడుతుంది. వెయ్యిమంది కూడినా సమ్మె నెగ్గుతుందని హామీ ఏమిటి? పోలీసులు రావచ్చు, నాయకుడు అమ్ముడుపోవచ్చు. కనక ప్రయత్నం చెయ్యి, ఫలితానికి మనసు తాకట్టు పెట్టకు అంటారు. ఓడిపోయిన సమ్మె తర్వాత మళ్ళీ నిలబడవలసినవాడికి ఇది పనికొచ్చే మాటే, నేను కాదనను. కాని హామీ లేకపోవటం వేరు, మనది కాకపోవటం వేరు. ఎపిక్టెటస్ పట్టికలో రెండే గడులు: పూర్తిగా మనవి, మనవి కానివి. మనుషులు ప్రాణం పెట్టి చేసే పనులన్నీ, పంట పండించటం, పిల్లలను పెంచటం, సంఘం కట్టటం, ఈ రెంటి మధ్య వున్న మూడో గడిలోవే. అక్కడ పని మనదీ మనవాళ్ళదీ. ఫలితం కొంత మనది, కొంత కాదు. ఆ గడి పట్టికలో లేదు కాబట్టి అవన్నీ ‘మనవి కానివి’లోకి నెట్టబడ్డాయి.

స్టోయిక్కులందరూ వాటిని అలా నెట్టినవాళ్ళు కారు. అలా చూపటం ఇవాళ్టి వ్యాపారుల సౌకర్యం. క్రీ.పూ. 300 ప్రాంతంలో ఏథెన్సు బజారులోని చిత్రాల వసారాలో ఈ బడి పెట్టిన జీనో, గుళ్ళూ న్యాయస్థానాలూ నాణేలూ లేని నగరాన్ని ఊహిస్తూ ఒక గ్రంథం రాశాడు. అది మనకు దక్కలేదు; ప్రాచీనులు ఉదహరించిన ముక్కలవల్ల మాత్రమే తెలుసు. అతని వారసుడు క్లియాంథీస్ రాత్రిపూట తోటలకు నీళ్ళు తోడి పొట్టపోసుకుంటూ పగలు చదివాడు. ఆ తరం శిష్యుడు స్ఫీరస్, భూములు పంచి అప్పులు రద్దు చేసిన స్పార్టా రాజు క్లియోమెనీస్ పక్కన నిలబడ్డాడు.

అందరికన్న నాకు ఇష్టుడు బ్లోసియస్. ఇటలీలో క్యూమే పట్టణంవాడు, టార్సస్ కు చెందిన స్టోయిక్ ఆచార్యుడు ఆంటిపాటర్ శిష్యుడు, టైబీరియస్ గ్రాకస్ కు మిత్రుడు. క్రీ.పూ. 133లో గ్రాకస్ తెచ్చిన చట్టం మన భాషలో చెప్పాలంటే భూపరిమితి చట్టం. ప్రభుత్వ భూమిని 500 యూగెరాలకు మించి ఆక్రమించుకున్నవాళ్ళ దగ్గర మిగులు తీసి భూమి లేనివాళ్ళకు పంచాలి. స్టోయిక్ సిద్ధాంతమే ఆ చట్టాన్ని కన్నదని నేననను. కాని బ్లోసియస్ ప్రేరణ వుందని ఆ రోజుల్లోనే అనుకున్నట్టు ప్లూటార్క్ రాశాడు. చివరి రోజు ఉదయం గ్రాకస్ ఇంట్లోంచి బయల్దేరుతుంటే అపశకునాలు ఎదురయ్యాయి. గడప తగిలి కాలి గోరు చిట్లింది. ఇంటి కప్పు మీద కాకులు పోట్లాడుకుంటూ తోసిన రాయి అతని పాదాల ముందే పడింది. వెంట వున్నవాళ్ళు ఆగిపోదామన్నారు. ఒక కాకికి భయపడి, పిలుస్తున్న జనం దగ్గరికి పోకపోవటం సిగ్గుచేటు అని బ్లోసియస్ అన్నాడు. గ్రాకస్ వెళ్ళాడు. ఆ రోజే సెనేటర్ల మూక అతన్నీ, అతని మనుషుల్లో 300 మందికి పైగానూ కర్రలతో రాళ్ళతో కొట్టి చంపి శవాలను టైబర్ నదిలో పారేసింది.

కాకి మన చేతిలో లేదు, పిలుపుకు పలకటం మన చేతిలో వుంది. బ్లోసియస్ అన్నది స్టోయిక్ విభజనే, అక్షరాలా అదే. కాని ఎంత వేరుగా వినపడుతోంది! తర్వాత కాన్సల్ల ముందు విచారణకు నిలబెడితే గ్రాకస్ చెప్పినదల్లా చేశానని దాచకుండా ఒప్పుకున్నాడు. వదిలిపెట్టారు. వదిలిపెట్టాక నెమ్మదిగా ఒక తోటలో కూర్చొని చిత్తశాంతి అభ్యసించలేదు. ఆసియాకు పోయి పెర్గమంలో అరిస్టోనికస్ తిరుగుబాటులో చేరాడు. పేదలనూ, విడుదల వాగ్దానం పొందిన బానిసలనూ కూడగట్టి వాళ్ళకు ‘సూర్యనగర పౌరులు’ అని పేరు పెట్టిన తిరుగుబాటు అది. అదీ ఓడిపోయింది. బ్లోసియస్ తన ప్రాణం తనే తీసుకున్నాడు.

రిపబ్లిక్ కూలి సామ్రాజ్యం గట్టిపడ్డాక ఆ గీత లోపలికి ముడుచుకుపోయింది. ఆ తర్వాత రోమన్ స్టోయిక్కులలో ధైర్యంగా చచ్చినవాళ్ళున్నారు. బ్లోసియస్ వలె పదిమందిని కూడగట్టే చోటుకు పోయినవాడు నాకు కనబడలేదు. 1807 నాటి తన మహాగ్రంథంలో హెగెల్ యజమాని–బానిస ఘర్షణ తర్వాతి మెట్టుగా స్టోయిక్ దృష్టిని పెట్టటంలో అర్థముంది. సింహాసనం మీదైనా సంకెళ్ళలోనైనా ఆలోచనలో మాత్రం స్వతంత్రంగా వుండటం దాని స్వభావమన్నాడు. భయమూ దాస్యమూ విశ్వవ్యాప్తమైన కాలంలోనే అది పుడుతుందన్నాడు. సింహాసనం మీద మార్కస్ ఆరీలియస్, సంకెళ్ళలో ఎపిక్టెటస్. చక్రవర్తి బానిస పుస్తకం చదివి ప్రశాంతంగా వున్నాడు. బానిసత్వమూ అంతే ప్రశాంతంగా కొనసాగింది.

ఆధునిక కాలంలో ఎపిక్టెటస్ ను గుండెకు హత్తుకున్న ఇద్దరు సైనికులున్నారు, ఇద్దరూ అమెరికన్లే. మొదటివాడు థామస్ వెంట్ వర్త్ హిగిన్సన్. బానిసత్వం మీద కత్తి కట్టిన జాన్ బ్రౌన్ కు రహస్యంగా సహాయం చేసిన ఆరుగురిలో ఒకడు. అంతర్యుద్ధంలో విడుదలైన నల్లజాతి బానిసలతో ఏర్పడ్డ దళానికి నాయకత్వం వహించాడు. 1865లో, బానిసత్వం కూలిన ఏడే, అతని ఎపిక్టెటస్ అనువాదం వెలువడింది. బానిస రాయించిన పుస్తకం చదివి బానిసత్వాన్ని భరించటం నేర్చుకోలేదతను.

రెండోవాడు జేమ్స్ స్టాక్ డేల్, నౌకాదళ విమాన చోదకుడు. ఇవాళ్టి స్టోయిక్ పుస్తకాల్లో ఇతన్ని తలవనిది అరుదు. 1965 సెప్టెంబరులో ఉత్తర వియత్నాంలో అతని విమానం కూలింది. ఏడేళ్ళకు పైగా హనోయ్ లో బందీగా వున్నాడు, హింసలు పడ్డాడు. ఆ హింసను మనం సమర్థించనక్కరలేదు, అతని నిబ్బరాన్ని తక్కువ చెయ్యనూ అక్కరలేదు. ఎపిక్టెటస్ సిద్ధాంతాలను జైలు అనే ప్రయోగశాలలో పరీక్షించానని 1993లో లండన్ లో ఉపన్యసించాడు. సరే, మనమూ పరీక్షిద్దాం. జైల్లో ఖైదీలు గోడల మీద వేళ్ళతో తట్టి అక్షరాలు పంపుకున్నారు. ఎవరు ఏం చెప్పాలో, ఎంతవరకు ఓర్చుకోవాలో కట్టుబాట్లు చేసుకున్నారు. ఆ ఏర్పాటుకు ముఖ్యుడు స్టాక్ డేలే. ఒంటరి గదిలో మనిషిని నిలబెట్టింది గోడకు అవతలి వేళ్ళ చప్పుడు. ఎపిక్టెటస్ పట్టికలో అది ఏ గడిలో వుంది?

అంతకన్న ముఖ్యమైంది జైలుకు ముందరి సంగతి. 1964 ఆగస్టు 4 రాత్రి టొంకిన్ సింధుశాఖలో అమెరికన్ ఓడల మీద వియత్నాం పడవలు దాడి చేశాయని అమెరికా ప్రకటించింది. ఆ రాత్రి ఆ ఓడల మీదుగా ఎగిరినవాడు స్టాక్ డేల్. అక్కడ శత్రువు పడవలేవీ తనకు కనబడలేదని 1984లో అచ్చయిన జ్ఞాపకాల్లో తనే రాశాడు. లేని దాడికి ప్రతీకారంగా మర్నాడు విన్ లోని చమురు నిల్వల మీద జరిగిన దాడికి నాయకత్వం వహించినవాడూ అతనే. ఆగస్టు 7న అమెరికన్ కాంగ్రెసు యుద్ధానికి తలుపులు తీసే తీర్మానం చేసింది. ఆ రాత్రి దాడి జరగలేదని 2005లో బయటపెట్టిన అధికారిక అధ్యయనం కూడా తేల్చింది. తను చూసింది చూసినట్టు లోకానికి చెప్పటం, చెప్పకపోవటం, ఇది అభిప్రాయానికీ సమ్మతికీ చెందిన విషయం కాదా? ఎపిక్టెటస్ గీత ప్రకారమే నూటికి నూరుపాళ్ళూ అతని చేతిలో వున్న పని. అప్పటికే ఆ చేతిపుస్తకం అతని దగ్గర వుంది. అతను యుద్ధాన్ని గుండ్రం బయట పెట్టి, తన ఓర్పును లోపల పెట్టుకున్నాడు. కింద కాలిపోయినవాళ్ళకు ఏ గుండ్రమూ లేదు.

మన ఇంటి సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం న్యాయంగా వుండదు. స్టోయిక్ భాష తలకిందులు చేసిన భాష ఒకటి మనలో వుంది. “వ్యవస్థ మారితేగాని ఏమీ కాదు” అంటాం. జవాబు పత్రాలు నెలల తరబడి దిద్దకుండా వుంచిన అధ్యాపకుడూ అదే అంటాడు, సంఘం సమావేశానికి ఆరు నెలలుగా రాని సభ్యుడూ అదే అంటాడు. ఎపిక్టెటస్ అన్నిటినీ లోపలికి లాగి చేతులు కడుక్కుంటే, మనం అన్నిటినీ బయటికి నెట్టి చేతులు దులుపుకుంటున్నాం. 1852లో లూయీ బోనపార్టును గురించి రాస్తూ మార్క్స్ ఈ రెండు సోమరితనాలకూ కలిపి సమాధానం చెప్పాడు. చరిత్రను చేసేది మనుషులే, అయితే ఎంచుకున్న స్థలంలో, కోరుకున్న సరుకుతో చెయ్యరు అన్నది అతని సారాంశం. ఆ వాక్యంలో మొదటి సగాన్ని మనం సభల్లో చదువుతాం, రెండో సగాన్ని ఇంటి దగ్గర సాకుగా వాడుకుంటాం. నన్ను నేను మినహాయించుకోవటం లేదు.

కనక నా విద్యార్థికి ఇంత చెప్పాను: ఎపిక్టెటస్ అలా చెప్పలేదు, కాని అలా చెప్పుకోవటానికి చోటు వదిలాడు. చేతిపుస్తకం నా ప్రతి ఇచ్చి చదవమన్నాను.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ వచ్చాడు. 19 మంది కలిసి బకాయి జీతాల కోసం అర్జీ రాసి సంతకాలు చేశారట. యాజమాన్యం అందరినీ కలిపి మాట్లాడటానికి ఒప్పుకోలేదు. ఒక్కొక్కరినే గదిలోకి పిలిపించింది, తలుపు మూసింది, ఉద్యోగం పోతుందని చెప్పింది. ముగ్గురు సంతకం వెనక్కి తీసుకున్నారు. ఇతని వంతు వచ్చినప్పుడు కాళ్ళు వణికాయట. ఉద్యోగం తీసెయ్యటం మీ చేతిలో వుంది, సంతకం మాత్రం నాది అన్నాడట. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నాడో నేను అడగలేదు. నాలుగు నెలల బకాయిలో రెండు నెలలది వచ్చింది. అతని సెక్షన్లు తగ్గించారు. పుస్తకం ఇంకా తిరిగి ఇవ్వలేదు. స్టాఫ్ రూములో చేతులు మారుతోందట.